ఫోటోలో బొమ్మ ఎవరిది?

చార్మినార్ చుట్టుపక్కల ఇళ్లలో దాచుకున్న ఆల్బమ్‌ల నుంచి పాస్‌పోర్టు ఫోటో దాకా, పెద్దలు పిల్లల చేతికిచ్చిన బొమ్మల కథ

మొఘల్‌పురాలో పాత ఆల్బమ్‌లు దాచుకున్న ఇళ్లలో ఒక రకం ఫోటో తరచూ తగులుతుంది. ఇల్లు మారుతుంది, పాప మారుతుంది, ఫోటో మాత్రం మారదు. నాలుగైదేళ్ల పిల్ల. మెరుపుల ఫ్రాకు, తెల్ల సాక్సులు, కళ్లకు సుర్మా. వెనకాల స్టూడియో పరదా మీద ఏ ఊళ్లోనూ లేని సరస్సు, దాని ఒడ్డున కొబ్బరిచెట్లు. పిల్ల చేతుల్లో తనలో సగం ఎత్తున్న బొమ్మ. బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు, పడుకోబెడితే వాలిపోయే రెప్పలు.

1973 తర్వాత చమురు ధరలు ఎగబాకి గల్ఫ్‌లో పనులు పుట్టుకొచ్చాక పాతబస్తీ మగవాళ్లు జెడ్డా, రియాద్, దుబాయ్ బాట పట్టారు. ఇంటికి ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చోవాల్సిన రోజులు. ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు, వాటితోపాటు ఫోటోలు ఇటూ అటూ తిరిగేవి. సెలవు మీద వచ్చే స్నేహితుడి పెట్టెలో నాన్న బొమ్మ పెట్టి పంపితే, ఇంట్లోవాళ్లు పిల్లను ముస్తాబు చేసి స్టూడియోకి తీసుకెళ్లేవాళ్లు. బొమ్మతో ఫోటో తీయించి ఆయనకు పంపేవాళ్లు. బొమ్మ ముట్టిందని రసీదు అన్నమాట. బిడ్డ ఎదుగుతోందని చెప్పడం కూడా అందులోనే అయిపోయేది.

అలాంటి ఫోటోల్లో నేను ముందు చూసేది పిల్ల చేతుల్ని. బొమ్మ ఒంటికి ఆనకుండా, మోచేతులు బిగబట్టి, రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకుని ఉంటుంది. ఎక్కడ జారుతుందో, ఎవరు తిడతారో అన్న భయం వేళ్లలో తెలిసిపోతుంది. ఎందుకంటే ఇంట్లో ఆ బొమ్మ ఆమెకు అందదు. వచ్చిన ప్లాస్టిక్ కవరుతో సహా షోకేసులోనో అల్మారా మీదో కూర్చుంటుంది. చుట్టాలొస్తే దించుతారు, వాళ్లు గడప దాటగానే మళ్లీ ఎక్కిస్తారు. ఆడుకోవడానికి వేరే ఉంటుంది. దర్జీ కొట్లో మిగిలిన ముక్కలతో నానీ కుట్టిన గుడ్డ గుడియా. దాన్ని పిల్ల జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్తుంది, చంకలో ఇరికించుకుని అన్నం తింటుంది, కాలు ఊడితే శోకాలు పెడుతుంది. ఆ గుడియాతో మాత్రం ఎవరూ ఫోటో తీయించరు.

పిల్లల ఫోటోల్లో బొమ్మ కనిపించగానే అమాయకత్వం అనీ, బాల్యమనీ, రేపటి తల్లితనానికి గుర్తు అనీ చెప్పేస్తుంటారు. ఆ మాటలన్నీ నాకు ఈ చేతుల దగ్గరికి వచ్చేసరికి తేలిపోతాయి. ఫోటోలోని బొమ్మ చాలావరకు పెద్దవాళ్లది. పిల్ల దాన్ని కాసేపు మోస్తుంది, అంతే. ఏ కాలంలో ఏ పెద్దలు ఏం కోరి దాన్ని చేతికిచ్చారో ఆరా తీస్తే మొఘల్‌పురా నుంచి చాలా దూరమే వెళ్లాల్సి వస్తుంది.

కదలకుండా కూర్చోబెట్టడానికి

కెమెరా పుట్టకముందే ఈ తంతు ఉంది. ఇంగ్లండులోని హార్డ్‌విక్ హాల్ అనే భవంతిలో 1577 నాటి తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. అందులోని పాప పేరు అర్బెల్లా స్టూవర్ట్, వయసు 23 నెలలు. ఎలిజబెత్ రాణి తర్వాత సింహాసనం మీద హక్కు చెప్పుకోగల వంశంలో పుట్టింది. నిండా రెండేళ్లు లేని ఆ పసిదానికి పెద్దావిడలు తొడుక్కునే బరువైన గౌను తొడిగి నిలబెట్టారు. చేతిలో పెద్దావిడలా ముస్తాబైన బొమ్మ. చూస్తుంటే ఆ చిత్రంలో ఉన్నది రెండు బొమ్మలేమో అనిపిస్తుంది. చిన్న బొమ్మ పాప చేతిలో ఉంది, పాపేమో రాజ్యాల లెక్కలు కట్టి సంబంధాలు చూసేవాళ్ల చేతిలో ఉంది.

1839లో దాగెర్ పద్ధతి లోకానికి తెలిసిన కొత్తలో ఒక్క ఫోటో కోసం నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. తర్వాత అది సెకన్లకు దిగింది. ఆ సెకన్లు కూడా నిలవడం కష్టమని పెద్దవాళ్ల తలలను వెనక నుంచి ఇనుప పట్టీతో ఆపేవాళ్లు. పిల్లల్ని అలా బిగిస్తే ఊరుకుంటారా? అందుకని తల్లే కుర్చీలో కూర్చుని, నిలువెల్లా దుప్పటో తెరగుడ్డో కప్పుకుని, బిడ్డను ఒళ్లో అదిమి పట్టుకునేది. ప్రింటులో తల్లి ఆకారం తెలియదు, ఏదో గుడ్డ కప్పిన సామాను ముందు బిడ్డను పెట్టినట్టు ఉంటుంది. లిండా ఫ్రెన్యి నాగ్లర్ అనే కళాకారిణి ఇలాంటి ఫోటోలను పెద్ద సంఖ్యలో పోగుచేసి 2013 వెనిస్ బియనాలేలో ప్రదర్శించారు. మన జనానాను చూసి ఇంగ్లీషు దొరలు ముక్కున వేలేసుకుంటున్న ఆ రోజుల్లోనే వాళ్ల స్టూడియోల్లో వాళ్ల ఆడవాళ్లు ముసుగు వేసుకుని కూర్చున్నారన్న సంగతి తలుచుకుంటే నాకు భలే నవ్వొస్తుంది.

కాస్త ఎదిగిన పిల్లలకు తల్లి చేయి బదులు బొమ్మ. చేతులకు ఏదో ఒక పని చెబితే ఒళ్లు కుదురుగా ఉంటుంది. తొలినాళ్లలో బొమ్మ స్టూడియో సామాన్లలో ఒకటి, అంతకు మించి ఏమీ లేదు. 1871లో రిచర్డ్ మాడాక్స్ డ్రై ప్లేటు పద్ధతిని ప్రకటించాడు. 1880 వచ్చేసరికి అలాంటి ప్లేట్లు బజారులో దొరికాయి. వెలుతురు బాగుంటే సెకనులో కొంత భాగం చాలు, ఫోటో అయిపోతుంది. ఇక బొమ్మతో పని లేదు. అయినా అది పోలేదు. ఆడపిల్ల చేతిలో అలాగే ఉండిపోయింది. మగపిల్లవాడికి చక్రమో, చెక్క గుర్రమో, తుపాకీయో ఇచ్చారు. పని తీరాక కూడా ఒక వస్తువు చేతిలో మిగిలిందంటే దాన్ని వదలడం ఎవరికో ఇష్టం లేదన్నమాట.

ఎత్తు గోడల స్టూడియో

సరిగ్గా ఆ డ్రై ప్లేట్ల రోజుల్లోనే రాజా దీన్ దయాళ్ మన ఊరికి వచ్చాడు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టినవాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఛాయాచిత్రకారుణ్ణి చేసి, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. 1892లో ఆయన ఇంకో స్టూడియో పెట్టాడు. పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా వెనక నిలబడింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. మగవాడి కన్ను పడకుండా ఫోటో తీసే ఏర్పాటు అది.

అప్పటి సంస్థానాల్లో మగపిల్లల ఫోటోలు చూడండి. అయిదేళ్లవాడికి జరీ షేర్వానీ, తలపాగా, నడుముకు పట్టా, చేతిలో తనకంటే కాస్తే పొట్టిగా ఉన్న కత్తి. ఆ కత్తి కూడా బొమ్మే. దాన్ని పట్టుకున్న బాబు చేతులు కూడా, ఆ గల్ఫ్ బొమ్మను పట్టుకున్న పాప చేతుల్లాగే, అదేదో తనది కాదన్నట్టు ఉంటాయి. మగపిల్లల ఫోటోలు ఆల్బమ్‌లకెక్కి కలెక్టర్ల బంగళాలకు, లండన్‌కు వెళ్లాయి. ఆ గోడల వెనక తీసినవి మాత్రం తీయించుకున్న ఇళ్లకే. దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆ సంస్థ వాటిని సేకరించింది. పుస్తకాలకూ ప్రదర్శనలకూ ఎక్కువగా ఎక్కేవి అందులోని దర్బార్లు, పులి వేటలు, కవాతులు, కోటలే. హైదరాబాద్ ఆడపిల్ల తన బొమ్మను ఎలా పట్టుకునేదో చూడాలంటే మ్యూజియం కన్నా ముసలమ్మల ట్రంకు పెట్టెలే నయం.

అదే 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగస్థలమెక్కింది. పసిపిల్లకు వెల కట్టి ముసలాయనకు కట్టబెట్టే ఆచారం మీద రాసిన నాటకం. అలా అమ్ముడుపోయిన పిల్ల మీదే గురజాడ తర్వాత కవిత రాసి, ఆమెను పుత్తడి బొమ్మ అన్నాడు. పాతబస్తీ ఆడపిల్ల అనగానే అరబ్బు షేకులతో నిఖాల గురించి మొదలుపెట్టేవాళ్లకు, ఆ నాటకం, ఆ కవిత రెండూ మన కోస్తా అగ్రహారాల్లో పుట్టిన కథలని ఒకసారి గుర్తుచేయాలి.

మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. బొమ్మ రైళ్లు, తగరపు సైనికులు, పింగాణీ బొమ్మలు. ఇవన్నీ కొన్న మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. 1949లో ఆయన పోయాక 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం మొదలైంది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. పిల్లలు లేని ఒక నవాబు పోగుచేసిన ఆటబొమ్మలను నగరంలోని బడిపిల్లలంతా వరసకట్టి అద్దాల వెనక నుంచి చూస్తారు. అల్మారా మీది గల్ఫ్ బొమ్మకు ఇంతకన్నా పెద్ద అల్మారా ఉండదు.

గుడియాకు కళ్లు పెట్టాలా?

మొఘల్‌పురాలో ఈ విషయానికి ఇంకో పొర ఉంది. ప్రాణమున్నవాటి రూపాలు చేయడం, గీయడం కూడదన్న మాట ఇస్లామ్‌లో గట్టిదే. కానీ ఆడపిల్లల ఆటబొమ్మల దగ్గర చాలామంది పండితులు పట్టు సడలించారు. తన నేస్తాలతో బొమ్మలాట ఆడుకున్నట్టు ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా చెప్పిన విషయం హదీసుల్లో ఉంది. గుడ్డ రెక్కలున్న ఆమె గుర్రం బొమ్మను చూసి ప్రవక్త నవ్విన ముచ్చట కూడా ఉంది. బిడ్డల్ని సాకడం ఆటలోనే అలవడుతుందని కొందరు పండితులు ఈ మినహాయింపుకు కారణం చెప్పారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. అందుకే ఒక ఇంట్లో నానీ కుట్టే గుడియాకు నల్లదారంతో కళ్లు, ఎర్రదారంతో పెదవులు ఉంటే, ఇంకో ఇంట్లో మొహం ఉండాల్సిన చోట తెల్లగుడ్డ ఒక్కటే ఉంటుంది. పిల్లలకు మాత్రం ఏ తేడా లేదు. రెండిటికీ పెళ్లిళ్లు చేస్తారు. గుడ్డా (మగబొమ్మ) వాళ్లు బరాత్‌తో వస్తారు, గుడియా వాళ్లు విందు పెడతారు, చివరికి గుడియాను పంపించేటప్పుడు నిజంగానే కొట్టుకుంటారు, ఇచ్చినవాళ్లు వెనక్కి ఇమ్మంటారు కాబట్టి.

ఫోటో మీద కూడా అంతే వాదన నడిచింది. హజ్ కోసం పాస్‌పోర్టు కావాల్సి వచ్చాక ఫోటో అవసరం కిందికి వచ్చింది, అవసరం కిందికి వచ్చినదాన్ని ఎవరూ కాదనలేదు. ఇష్టంగా తీయించుకునే ఫోటో వేరు. గోడకు తగిలించొద్దు, ఆల్బమ్‌లో పెట్టుకో అని కొందరు సర్దిచెప్పుకున్నారు. నమాజు చదివే గదిలో వద్దని ఇంకొందరు.

హైదరాబాదీ ముస్లిం ఇళ్లలో పిల్లల ఫోటోకు ఖాయమైన ముహూర్తం బిస్మిల్లా. పిల్లకో పిల్లవాడికో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు తొలి అక్షరాలు పలికించే వేడుక. మెడలో గులాబీ, మల్లె దండ, ఎదురుగా పుస్తకం పెట్టే చెక్క రిహల్. ఆ ఫోటోలో బొమ్మకు చోటుండదు. ఇంకొన్నేళ్లకు తొలి రోజా (ఉపవాసం) ఉన్న రోజు మళ్లీ దండ, మళ్లీ ఫోటో. రంజాన్ నెలలో అలాంటి చిన్నారుల ఫోటోలు ఉర్దూ పత్రికల్లో వస్తుంటాయి. పాత ఆల్బమ్‌ను వరసగా తిరగేస్తే బొమ్మ పట్టుకున్న పిల్ల ఎక్కడ ఆగిందో, రిహల్ ముందు కూర్చున్న పిల్ల ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపొచ్చు.

మొఘల్‌పురా నుంచి కాస్త నడిస్తే హరిబౌలి, లాల్‌దర్వాజా. అక్కడి ఇళ్ల ఆల్బమ్‌ల్లో పూలజడ ఫోటో ఉంటుంది. వేసవిలో మల్లెలు చవగ్గా ఉన్నప్పుడు మొగ్గలు గుచ్చి జడకు కుట్టి, పట్టు లంగా కట్టి, పూలు వాడకముందే స్టూడియోకి పరుగు. జడ కనిపించాలి కాబట్టి వెనక నిలువుటద్దం. మొహం ముందు, జడ అద్దంలో. పిల్లకు మెడ నొప్పి, కుట్లు లాగుతున్నాయి, కూర్చోమంటే కూర్చోవాలి, తల తిప్పమంటే తిప్పాలి. బొమ్మలా ఉందర్రా అని అమ్మమ్మ దిష్టి తీస్తుంది. నిజమే, ఈ ఫోటోలో పిల్ల చేతికి వేరే బొమ్మను ఇవ్వక్కర్లేదు. మా ఇళ్లలో పిల్లల్ని బొమ్మలతో ఫోటో తీసే అలవాటు లేదండీ అని ఎవరైనా అంటే, పూలజడ ఫోటో ఉందేమో అడిగి చూడండి.

నీలి కళ్లు

గల్ఫ్ బొమ్మకు నీలి కళ్లు, బంగారు జుట్టు ఎందుకు? కొన్న నాన్న నల్లగా ఉంటాడు, పట్టుకున్న పిల్ల చామనఛాయ. అమ్మినవాడు అరబ్బు. తయారైంది చాలావరకు తూర్పు ఆసియాలో. ఆ నలుగురిలో ఎవరి పోలికా బొమ్మకు రాలేదు.

ఈ ప్రశ్నను ఫోటోలోకి తెచ్చినవాడు గార్డన్ పార్క్స్. 1947లో ‘ఎబొనీ’ పత్రిక కోసం న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తీసిన ఫోటో అది. నల్లజాతి పిల్లవాడు. ఎదురుగా రెండు బొమ్మలు. ఒంటి రంగు, జుట్టు రంగు తప్ప అన్నీ ఒకటే. ఏది కావాలో తేల్చుకోమన్నారు. ఆ పరీక్ష కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వశాస్త్ర దంపతులది. మూడు నుంచి ఏడేళ్ల లోపు నల్లజాతి పిల్లలు 253 మందిని అడిగితే, మూడింట రెండొంతుల మంది ఆడుకోవడానికి తెల్లబొమ్మే కావాలన్నారు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరు బడులు చెల్లవని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది. అసలు ఆ ఫోటోలో భయపెట్టేది పిల్లవాడి శ్రద్ధ. పరీక్ష రాసే పిల్లవాడిలా తప్పు చెప్పకూడదని ఆలోచిస్తున్నాడు. అక్కడ బొమ్మను చేతిలో పెట్టి ఊరుకోలేదు, ఎంచుకొమ్మన్నారు. పిల్లవాడు ఎంచుకున్నది పెద్దల లోకం ముందే ఎంచిపెట్టినదాన్ని.

2003లో సిరియాకు చెందిన ఒక సంస్థ ఫుల్లా అనే బొమ్మను తెచ్చింది. నల్ల జుట్టు, గోధుమ రంగు కళ్లు, అబాయా, తలగుడ్డ. అరబ్ దేశాల్లో బాగా అమ్ముడుపోయింది. జుట్టు రంగు మారింది, కళ్ల రంగు మారింది. ఎలా ఉండాలో బొమ్మ చేత పిల్లకు చెప్పించడం మారలేదు. నానీ కుట్టిన గుడియా ఒక్కటే ఈ గొడవలో లేదు. దాని రంగు ఆ వారం దర్జీ ఏ గుడ్డ కత్తిరిస్తే అది.

దక్షిణ నైజీరియా యోరుబాల దగ్గర బొమ్మకూ ఫోటోకూ ఇంకా దగ్గర చుట్టరికం. వాళ్లలో కవలలు ఎక్కువ. కవలల్లో ఒకరు చనిపోతే ఇబెజీ అనే చెక్కబొమ్మ చేయించి, దానికి స్నానం చేయించి, తిండి పెట్టి, బిడ్డలాగే చూస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో చెక్కబొమ్మ స్థానంలోకి కొన్ని ఇళ్లలో అంగట్లో అమ్మే ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది, ఇంకొన్ని ఇళ్లలో ఫోటో వచ్చింది. బతికున్న బిడ్డను రెండుసార్లు ఫోటో తీసి, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నట్టు ఒకే ప్రింటు వేసేవాళ్లు. ఈ సంగతులను స్టీఫెన్ స్ప్రేగ్ 1978లో అచ్చువేశాడు. ఇప్పటిదాకా చెప్పిన కథల్లో పెద్దల అవసరాన్ని నేను కాస్త వెటకారంగానే చూశాను. ఇక్కడ ఆ వెటకారం చెల్లదు.

శిథిలాల్లో వెతికే బొమ్మ

మా పత్రికలవాళ్ల సంగతి కూడా చెప్పాలి కదా. చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వస్తే పక్కన ఏ ఫోటో ఉంటుంది? నేలమీద బోర్లా పడ్డ బొమ్మ. చేయి విరిగింది, జుట్టు చెదిరింది. 2012 నాటి పోక్సో చట్టం బాధిత పిల్లల ఫోటో గానీ, గుర్తుపట్టే వివరం గానీ ప్రచురించకూడదంటుంది. ఆ నిబంధన ఉండాల్సిందే. పిల్ల మొహం వేయలేం, పేజీ ఖాళీగా వదలలేం. కాబట్టి బొమ్మ. ఆ బొమ్మ ఏ పిల్లదీ కాదు. ఏ దేశంలోనో స్టూడియోలో పడేసి తీసిన ఫోటో. అదే ఫోటో పదిసార్లు వేశాక చదివేవాళ్ల చూపు దాని మీద ఆగడం మానేస్తుంది.

యుద్ధాలప్పుడు మరీ. 2006 ఆగస్టులో లెబనాన్‌లోని టైర్ నగరంలో బాంబులకు కూలిన చోట మికీ మౌస్ బొమ్మ పడి ఉన్న ఫోటోను అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ బెన్ కర్టిస్ తీశాడు. ఆ యుద్ధంలో శిథిలాల మధ్య ఆటబొమ్మల ఫోటోలు ఎక్కువయ్యేసరికి, వాటిని తెచ్చి పెట్టి తీస్తున్నారన్న అనుమానాలు గుప్పుమన్నాయి. సినీ దర్శకుడు ఎరల్ మారిస్ ఆ ఒక్క ఫోటో కోసం ఫోటోగ్రాఫర్‌ను కూర్చోబెట్టి సుదీర్ఘంగా మాట్లాడి రాశాడు. తాను బొమ్మను కదిలించలేదనీ, కనిపించినట్టే తీశాననీ కర్టిస్ చెప్పాడు. నేను ఆ మాట నమ్ముతాను. నమ్మాక కూడా ఒకటి మిగులుతుంది. అక్కడ వంటపాత్రలు ఉండి ఉంటాయి, చెప్పులు, మందు సీసాలు ఉండి ఉంటాయి. కెమెరా కన్ను మాత్రం బొమ్మ దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే అది పేజీలో పనిచేస్తుందని ఎడిటర్లు నేర్పారు.

2025 మే 18 పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ బండి కూడా అక్కడికే పరుగెత్తింది. ఆనాటి ఫోటోల మంచిచెడ్డలు ఎంచడం నా ఉద్దేశం కాదు. అలాంటి చోట బూడిదలో బొమ్మ కనబడితే తీయాలా వద్దా అని ఎవరైనా కుర్ర ఫోటోగ్రాఫర్ అడిగితే, గోడ మీది మీటరు బోర్డును, ఇరుకు మెట్లను, ఒకే ఒక్క దారిని కూడా తీసుకురా అంటాను. బొమ్మ కన్నీళ్లు తెప్పిస్తుంది. మెట్ల ఫోటో మునిసిపాలిటీని ప్రశ్న అడుగుతుంది.

బొమ్మను కన్నీళ్ల కోసం కాకుండా వాడుకున్న వార్తా ఫోటోగ్రాఫర్ ఒకడున్నాడు. లూయిస్ హైన్. 1908లో అమెరికా జాతీయ బాలకార్మిక సంఘం ఆయనకు ఉద్యోగమిచ్చింది. కొన్నేళ్ల తర్వాత న్యూయార్క్ ఇరుకు గదుల్లో ఆయన తీసిన ఫోటోల్లో ఒక కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది. అమ్మా, పిల్లలూ అందరూ పనిలో ఉన్నారు. చేస్తున్నది క్యాంబెల్ కిడ్ అనే బొమ్మల పని. అప్పట్లో పిల్లలకు ఎంతో మోజైన బొమ్మ అది. చేస్తున్న పిల్లల వయసు ఆడుకునేవాళ్ల వయసే. బొమ్మ ఎవరిదన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన ఫోటో నేను ఇంకోటి చూడలేదు.

ఆ బల్ల మనకు దూరమేమీ కాదు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల్లో పోలీసులు సోదాలు చేసి రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. లాడ్ బజార్‌లో లక్క గాజుల జత కొని పూలజడ పిల్ల చేతికి తొడిగి ఫోటో తీయించే మనమే ఆ వార్త కూడా చదివాం.

తెల్ల గోడ, సెల్‌ఫోను

ఇప్పుడు చార్మినార్ చుట్టుపక్కల స్టూడియోల్లో సరస్సు పరదా దాదాపు పోయింది. బతుకుతెరువు పాస్‌పోర్టు ఫోటో, వీసా ఫోటో, బడి ఐడీ కార్డు. ఉమ్రాకు వెళ్లే కుటుంబం పసిబిడ్డను కూడా తెస్తుంది. వెనక తెల్లగా ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, ఫ్రేములో ఇంకెవరూ ఉండకూడదు. బ్రిటన్ నిబంధనల్లోనైతే పసివాళ్ల చేతిలో ఆటబొమ్మ, నోట్లో పాలపీక ఉండకూడదని విడిగా రాసి ఉంటుంది. నాలుగున్నర శతాబ్దాల కిందట అర్బెల్లా చేతికి బొమ్మనిచ్చిన దేశం ఇప్పుడు దాన్ని లాగేసుకుందన్నమాట. స్టూడియో భాయ్ ఏం చేస్తాడు? ‘బేటా, హిల్‌నా నక్కో, ఇధర్ దేఖో’ అంటూ పిల్ల చేతిలోని బొమ్మను మెల్లగా తీసుకుని, కెమెరా లెన్సు పక్కన ఆడిస్తాడు. పిల్ల తల తిన్నగా నిలుస్తుంది, కళ్లు పెద్దవవుతాయి, క్లిక్. ఆ పాస్‌పోర్టు చూసిన ఇమిగ్రేషన్ అధికారులకు తెలియదు గానీ, అందులోని పిల్ల చూస్తున్నది బొమ్మనే.

స్టూడియోకి బయట ఇంకో మార్పు జరిగింది. ఇది పెద్దలు పట్టించుకోని మార్పు. ఫోను చేతికి దొరికిన నాలుగేళ్ల పిల్ల తన బొమ్మను తానే ఫోటోలు తీస్తోంది. ఏ తల్లి ఫోనైనా తెరిచి గ్యాలరీ చూడండి. పెళ్లి ఫోటోలకూ వాట్సాప్ దువాలకూ మధ్యలో హఠాత్తుగా ఒకే బొమ్మవి ముప్పై, నలభై ఫోటోలు వరసగా ఉంటాయి. సగంలో తల తెగిపోయి ఉంటుంది. కొన్నిట్లో ముక్కు ఒక్కటే, తెర నిండా. బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, దిండు కింద నుంచి, చీకట్లో, తన బొటనవేలు అడ్డం వచ్చేలా. ఒకదాంట్లో అన్నం ముద్ద బొమ్మ నోటి దగ్గర. ఒకదాంట్లో మొహానికి బొట్టుబిళ్లలు, లేదా అమ్మ లిప్‌స్టిక్. బంగారు జుట్టు బొమ్మయినా, గుడ్డ గుడియా అయినా, కళ్లు ఉన్నా, లేకున్నా ఆ ఫోటోగ్రాఫర్‌కు పట్టింపు లేదు. ఎవరికీ పంపడానికి తీయలేదు, ఏ వేడుకా లేదు, కదలొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

వాటిని ఎవరూ ప్రింటు వేయించరు. మెమరీ నిండిపోయిందని ఫోను మొరాయించినప్పుడు అమ్మ ముందుగా డిలీట్ చేసేవి కూడా అవే, పిల్ల పడుకున్నాక.